బాలింత డిప్రెషన్‌: నూనె మర్దన, యోగాతో తగ్గుతుందా? ఆ మూలికతో మాత్రం జాగ్రత్త!

కాన్పయిన మూడో రోజో, నాలుగో రోజో ఊరికే ఏడుపు రావడం చాలామంది తల్లుల్లో ఉండేదే. దీన్ని 'బేబీ బ్లూస్' అంటారు. రెండు వారాల్లో దానంతటదే పోతుంది. పోకుండా.. బిడ్డ పడుకున్నా నిద్ర పట్టక, ఆకలి లేక, బిడ్డను ఎత్తుకోవాలనే అనిపించకపోతే అది పోస్ట్‌పార్టమ్ డిప్రెషన్ కావచ్చు. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి 2017లో లెక్కేస్తే సుమారు 22 శాతం తల్లుల్లో ఇది ఉన్నట్లు తేలింది. ఇళ్లలో మాత్రం 'దిష్టి తగిలింది', 'పచ్చి ఒళ్లు కదా' అని సరిపెట్టేస్తుంటారు.

మందులు పాలలోకి వస్తాయేమోనన్న భయంతో చాలామంది వేరే దారులు వెతుకుతారు. నిజానికి పాలిచ్చే తల్లులకు డాక్టర్లు తరచూ రాసే సెర్ట్రలిన్ పాలలోకి చేరేది చాలా తక్కువ. మరి మిగతా పద్ధతుల సంగతేంటి?

బిడ్డకు తల్లే స్వయంగా మర్దన చేయడంపై లండన్‌లో జరిగిన ఓ అధ్యయనం 2001లో వెలువడింది. మర్దన నేర్చుకున్న తల్లుల్లో డిప్రెషన్ తగ్గింది, బిడ్డతో దగ్గరితనం పెరిగింది. కాకపోతే అది చాలా చిన్న అధ్యయనం. నడక, యోగాతో కొంత మేలు ఉంటుంది. సిజేరియన్ అయితే డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టాలి. చేప నూనె మాత్రలు, ఆక్యుపంక్చర్ పనిచేస్తాయనడానికి గట్టి ఆధారాలు లేవు.

అసలు జాగ్రత్త మూలికలతోనే. ఆన్‌లైన్‌లో దొరికే 'సెయింట్ జాన్స్ వోర్ట్'ను డిప్రెషన్ మాత్రలతో కలిపి వేసుకుంటే ఒంట్లో సెరొటోనిన్ ప్రమాదకరంగా పెరగొచ్చు. గర్భనిరోధక మాత్రల ప్రభావాన్నీ అది తగ్గిస్తుంది. పాలిచ్చేటప్పుడు అశ్వగంధ కూడా సొంతంగా వాడొద్దు. 'నేచురల్' అని డబ్బా మీద రాసినంత మాత్రాన సేఫ్ అయిపోదు!

వీటన్నింటికంటే బలమైన ఆధారం మాటకే ఉంది. పాకిస్థాన్‌లోని రావల్పిండి పల్లెల్లో మన ఆశా కార్యకర్తల్లాంటి మహిళలకు శిక్షణ ఇచ్చి, ఇళ్లకు పంపి తల్లులతో మాట్లాడించారు. 2008లో వచ్చిన ఫలితాల ప్రకారం ఆరు నెలలకు వాళ్లలో 23 శాతం మందికే డిప్రెషన్ మిగిలింది. ఈ తరహా మాటసాయం అందని తల్లుల్లో అది 53 శాతం. తర్వాత గోవాలోనూ ఇదే పద్ధతిని మామూలు గృహిణులతో నడిపించారు.

చనిపోవాలనో, బిడ్డను ఏదైనా చేయాలనో ఆలోచన వస్తే మర్దనలు, యోగా అంటూ ఆగొద్దు. తల్లిని ఒంటరిగా వదలకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబర్ 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనూ మాట్లాడతారు.