ఉల్లికాడ తిప్పిన పిల్ల

ఉల్లికాడకి చరిత్రేమిటని నవ్వకండి. ఇది మన కూరల బుట్టలోది కాదు, జపానుది.

2004లో జపాను టెలివిజన్‌లో 'బ్లీచ్' అనే యానిమే, అంటే బొమ్మల సీరియల్, మొదలైంది. రెండో భాగంలో ఒరిహిమే అనే అమ్మాయి చేతిలోని ఉల్లికాడని గిరగిరా తిప్పుతుంది. కొద్ది క్షణాలే. కథకి దాంతో పనే లేదు. 2006లో ఎవరో ఆ ముక్క కత్తిరించి, అదే మళ్ళీ మళ్ళీ తిరిగేలా అతికి, వెనక ఓ ఫిన్లండ్ పాట పెట్టారు. లోయితుమా అనే బృందం 1995లో విడుదల చేసిన పోల్కా అది. తల్లి కట్టడి చేసినా ఆగకుండా నాట్యమాడిన ఇయెవా అనే పిల్ల కథ. అతికినవారికి మాత్రం కథ అక్కరలేకపోయింది. మధ్యలో వచ్చే అర్థంలేని కూనిరాగం చాలింది!

ఆ కాడతోపాటు దేశదేశాలూ తిరిగాయనుకోండి. 2007లో కంప్యూటరు గొంతుతో పాడే హత్సునే మికు అనే బొమ్మగాయని వస్తే, అభిమానులు ఆమె చేతిలోనూ ఉల్లికాడే పెట్టారు. సరస్వతికి వీణలా అదే ఆమె గుర్తయి కూర్చుంది.

ఇలా ఒకరినుంచి ఒకరికి అంటుకుపోయే సంగతికి 'మీమ్' అని 1976లోనే రిచర్డ్ డాకిన్స్ పేరు పెట్టాడు. ఈ కత్తెర సరదా కూడా పాతదే. 1982లో జిమ్ కపోస్టాస్ అనే అమెరికా కుర్రాడు రెండు వి.సి.ఆర్.లు ముందేసుకుని, 'స్టార్ బ్లేజర్స్' అనే జపాను బొమ్మల సీరియల్‌లోని యుద్ధాలకి బీటిల్స్ ప్రేమపాట జోడించాడు. ఫిరంగుల వెనక ప్రేమగీతం! నవ్వు రాక ఏమవుతుంది?

2005లో యూట్యూబ్ వచ్చాక కత్తెర అందరి చేతికీ వచ్చింది. మరి అన్నివేల ముక్కల్లో మన ముక్క ఎవరికి కనబడాలి? అందుకే ట్యాగులు. సీసామీద 'పసుపు', 'ధనియాలు' అని అంటించే చీటీల్లాంటివన్నమాట. ఉన్న సరుకే రాస్తే ఎవరొస్తారని, జనం వెతికే పేర్లన్నీ కుక్కారు. నరుటో, ససుకే, లింకిన్ పార్క్... పసుపు సీసామీద పచారీ జాబితా అంతా రాసినట్టు! వెబ్‌పేజీలవాళ్ళు 1990లలోనే తెల్లని పేజీమీద తెల్లని అక్షరాలతో చేసిన మాయ ఇది. చివరికి ఆ చీటీలే హాస్యమయ్యాయి. నరుటో యుద్ధానికి లింకిన్ పార్క్ పాట అంటే చాలు, ఆ రోజుల్లో పెరిగిన పిల్లలు ఇప్పటికీ నవ్వుతారు. 2006లో మొదలైన జపానువారి 'నికోనికో'లోనైతే చూసేవాళ్ళే ట్యాగులు రాయొచ్చు. దాంతో అవి చమత్కారాలకీ వేదికయ్యాయి.

నవ్వుకోవడం బాగానే ఉంది కానీ, నా మనసులో ఒకటి మిగిలిపోయింది. అన్ని పేర్లు కుక్కిన చీటీలో తరచూ కనబడనివి రెండే: బొమ్మ గీసినవాళ్ళ పేరు, పాట పాడినవాళ్ళ పేరు. ఉల్లికాడ పిల్లని చూసి నవ్వినవాళ్ళలో లోయితుమా పేరు ఎందరికి తెలుసు?

మన రోకటిపాటలు కట్టిన అమ్మలక్కల పేర్లూ ఇలాగే పోయాయి. పాపం, వాళ్ళకి రాసుకోవడానికి చీటీ లేదు. ఇప్పుడు చీటీ ఉంది, చోటూ ఉంది. ఇంకా రాయకపోతే ఆ తప్పు ఎవరిదండీ?