పొరల మీద పొర: బళ్లారి సరిహద్దులో అట్టకళ

1810లో అచ్చయిన తన దక్షిణ భారత చరిత్రలో మార్క్ విల్క్స్ మైసూరు వర్తకుల లెక్కల పుస్తకం ఒకదాన్ని వర్ణించాడు. మైసూరులో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా పనిచేసినవాడు కాబట్టి అది అతను కళ్లారా చూసిన వస్తువు. 8 అంగుళాల నుంచి అడుగు దాకా వెడల్పు, 12 నుంచి 18 అడుగుల పొడవు ఉన్న నూలుగుడ్డ. దానికి రెండువైపులా బంకలో కలిపిన బొగ్గుపొడి పట్టించి ఆరబెడతారు. ఆరాక ఎక్కడా కత్తిరించకుండా, సమానమైన మడతలుగా అటూ ఇటూ మడుస్తారు. మొదటి మడతకీ చివరి మడతకీ రంగులు వేసి వార్నిషు పూసిన చెక్కపలకలు అతికిస్తారు. కలిగినవాళ్ల పుస్తకమైతే దానికి పట్టుసంచీ, లేనివాళ్లదైతే చెక్కలూ ఉండవు, సంచీ ఉండదు, ఒక తాడు కడితే చాలు. బలపంతో రాయడం, అక్కర్లేనప్పుడు తుడిచెయ్యడం. ఇదే కడితం. సాక్షుల సంతకాలతో ఒక షావుకారు కడితంలో రాసుకున్న అప్పుపత్రాన్ని న్యాయస్థానం సాక్ష్యంగా తీసుకోవడం కూడా తాను చూశానంటాడు విల్క్స్.

ఈ వర్ణనను ఇవాళ మిక్స్‌డ్ మీడియా పేరుతో నడుస్తున్న అట్టపనుల పక్కన పెట్టి చూడాలి. గట్టి అట్ట ఒకటి తీసుకుంటారు. దానికి జెస్సో అనే తెల్లటి పూత వేస్తారు, మీద చిరిగిన కాగితం, గుడ్డపీలికలు, లేసు అతికిస్తారు. స్టెన్సిల్ పెట్టి ముద్దలాంటి పేస్టుతో పూలూ తీగలూ ఉబ్బెత్తుగా తేలుస్తారు. ఆరాక రంగు, ఆపైన బంగారు రేకు. మడతల ఆల్బమ్ అయితే ముందూ వెనకా అలంకరించిన అట్టలు. సామాను ఆన్‌లైన్‌లో వస్తుంది, పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. అందుకే ఇది మొన్నమొన్న దిగిన సరదా అనుకోవడం సహజం. కానీ దీన్ని కాగితం చరిత్రగా కాకుండా బంక చరిత్రగా, పూత చరిత్రగా చదివితే లెక్క మారుతుంది. గుడ్డ కావచ్చు, చెక్క కావచ్చు, కాగితం కావచ్చు, కింద ఉండే ఆధారం మారుతూ వచ్చింది. పొర మీద పొర వేసి, పైభాగాన్ని లేపి అలంకరించే పద్ధతి మాత్రం కర్ణాటక, ఆంధ్ర సరిహద్దున బళ్లారి చుట్టుపక్కల సీమలో చాలాకాలంగా ఉంది. నా వాదన ఇంతే.

మొదట రావలసిన అభ్యంతరం: కడితం గుడ్డ కదా, కాగితపు కళలో దాన్నెలా కలుపుతారు? 19వ శతాబ్దం నడిమికి కలపగుజ్జు వాడకం వచ్చేదాకా ప్రపంచంలో చాలాచోట్ల మంచి కాగితం చిరుగుగుడ్డల నుంచే తయారయ్యేది. గుడ్డను కుళ్లబెట్టి దంచి గుజ్జు చేస్తే కాగితం, దంచకుండా అలాగే బంక పట్టిస్తే కడితం. రెండూ ఒకే ఇంటి బిడ్డలు. బళ్లారి నల్లరేగడి పత్తినేల. నూలుగుడ్డ ఇంట్లో ఉండేది, కాగితం డబ్బిచ్చి తెచ్చుకోవలసింది. మహబూబ్‌నగర్ ప్రాంతంలోని కోయిలకొండలో చేతికాగితం చేసేవారు గానీ, పల్లె కరణానికి రోజువారీ లెక్కలకు అది ఖరీదైన సరుకే. రాయడానికి కావలసిన మెత్తటి బలపపు రాయి కర్నూలు సీమలోని బేతంచెర్ల వైపు దొరుకుతుంది. బొగ్గు ప్రతి పొయ్యిలోనూ ఉంటుంది. అంటే కడితం పేదరికం వల్ల చేసుకున్న సర్దుబాటు కాదు, చేతిలో ఉన్న సరుకుతో వేసిన సరైన లెక్క. శృంగేరి మఠంలో కడితాల పెద్ద నిధి ఇప్పటికీ ఉంది. చెరిపి రాసుకునే వస్తువు అన్నాళ్లు నిలవదనుకునేవారికి అదొక జవాబు. 1800లో నిజాం బళ్లారి సీమను కంపెనీకి ధారాదత్తం చేశాక, 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో రైతువారీ లెక్కలతో కచేరీలో కాగితానికి పెత్తనం వచ్చింది. కడితం దుకాణాల్లో, మఠాల్లో మిగిలింది.

ఇక బంక సంగతి. చింతగింజలను వేయించి, పొట్టు ఊడగొట్టి, పప్పును నానబెట్టి మెత్తగా రుబ్బుతారు. ఆ పిండిని నీళ్లలో కలిపి అడుగంటకుండా కలుపుతూ ఉడికిస్తే చిక్కటి జిగురు దిగుతుంది. ఆరినప్పుడు పెళుసుగా పగలదు, గుడ్డనీ రంపంపొట్టునీ గట్టిగా పట్టుకుంటుంది. దీని అసలు సత్తా కనిపించేది తుంగభద్ర అవతల, హంపీకి దగ్గరలోనే, ఇప్పటి కొప్పళ జిల్లాలో ఉన్న కిన్నాళలో. అక్కడి చిత్రగారులు తేలికైన చెక్కతో బొమ్మ భాగాలు చెక్కి అతుకుతారు. జనపనార పీలికలను నానబెట్టి, ఎండబెట్టి, పొడిచేసి, రంపంపొట్టుతోనూ చింతగింజల బంకతోనూ కలిపి చేసిన ముద్దను కిట్ట అంటారు. అతుకుల మీద, ఒంటినిండా దాన్ని చేత్తో పూస్తారు. దాని మీద నూలుగుడ్డ ముక్కలు బంకతో అతికిస్తారు. ఆపైన రాతిపొడి ముద్ద పూతపూతగా వేస్తే రంగు పట్టే నేల తయారవుతుంది. అదే ముద్దతో హారాలూ వడ్డాణాలూ కిరీటపు రాళ్లూ ఒంటి మీద ఉబ్బెత్తుగా తేలుస్తారు. పైన రంగు, మెరుపు. చెక్కను తీసి దాని స్థానంలో అట్ట పెట్టి చూడండి, ఇవాళ్టి అట్టపనికీ దీనికీ వరస దాదాపు ఒక్కటే: ఆధారం, నింపుడుముద్ద, గుడ్డ, సుద్ద, ఉబ్బు, రంగు. హంపీ విరూపాక్షాలయం పైకప్పు చిత్రాలు తమ పూర్వీకులవేనని కిన్నాళ పనివారు చెప్పుకుంటారు. అది పరంపరలోని మాట, శాసనం కాదు. వస్తువు చేసే పద్ధతే చాలినంత సాక్ష్యం కనుక ఆ మాట మీద నా వాదనను నిలబెట్టనక్కర్లేదు.

1565 తర్వాత విజయనగర రాజధాని హంపీ పాడుబడి పనివారు చెల్లాచెదురయ్యారు. తంజావూరు, తిరుచిరాపల్లి వైపు తెలుగు మాట్లాడే రాజు కులంవారు, మదురైలో నాయుళ్లు చిత్రకారులుగా స్థిరపడ్డారు. తంజావూరు బొమ్మ అంటే చెక్కపలక మీద గుడ్డ అంటించి, సుద్దపూత వేసి నునుపు చేసి, మక్కు అనే ముద్దతో ఆభరణాలు లేపి, బంగారురేకు అద్ది, గాజురాళ్లు పొదగడం. మైసూరు చిత్రకారులు మరో దారి పట్టారు. చిత్తుకాగితం గుజ్జుతో అట్టలు చేసుకుని, నున్నటి రాయితో రుద్ది, చాలా సన్నటి ఉబ్బుతో పని తేల్చారు. తంజావూరుది మందమైన పని, మైసూరుది నాజూకు పని. ఎవరికి ఏది నచ్చుతుందన్నది అభిరుచి. అయితే ఇక్కడ ఉత్సాహంతో ఒక పొరపాటు చేసే ప్రమాదం ఉంది, ఇదంతా బళ్లారి సీమ నుంచే బయల్దేరిందనడం. అది నిలవదు. ఒడిశా పటచిత్రంలోనూ గుడ్డ, చింతగింజల జిగురు, సుద్ద ఉన్నాయి. తెలంగాణలో చేర్యాల నకాషీలు ఖద్దరుగుడ్డకు ఇదే తరహా పూత వేస్తారు, రంపంపొట్టూ చింతబంకా కలిపి మాస్కులు చేస్తారు. కొండపల్లిలో పొనికి చెక్క అతుకులకు పట్టించేదీ పొట్టుతో చేసిన మక్కే. ఇటలీలో 1400 ప్రాంతంలో చెన్నినో చెన్నీని రాసిన పనివాళ్ల పుస్తకంలో పలక మీద గుడ్డ, సుద్ద, జంతుచర్మపు జిగురు వరసగా కనిపిస్తాయి. అక్కడ జిగురు జంతువుది, ఇక్కడ చెట్టుది. పద్ధతి పుట్టిల్లు ఎక్కడని వెతకడం వృథా ప్రయాస. ఈ సరిహద్దు ప్రత్యేకత పుట్టుకలో లేదు. పత్తి, చింత, బలపం, దేవాలయపు పని, దుకాణపు లెక్క అన్నీ ఒక్కచోట కూడటంలో ఉంది.

కర్నూలు సీమలో నంద్యాల, నొస్సం లక్కరంగు పనికి పేరున్న ఊళ్లు. నొస్సంలో గంజీఫా అనే పేకముక్కలూ చేసేవారు. గంజీఫా ఇక్కడిది కాదు. 1527లో బాబరు సింధులోని తన మిత్రుడికి ముక్కలు పంపినట్టు అతని ఆత్మకథలోనే ఉంది. ఇక్కడికొచ్చాక వాటిలోకి దశావతారాలు వచ్చి, పది రంగులతో 120 ముక్కల ఆట అయింది. పొరలు అతికి గుండ్రంగా కోసిన చిన్న అట్ట మీద రంగు, దాని మీద లక్క. ఇప్పుడు కొంతమంది సరదాగా చేసి ఇచ్చిపుచ్చుకునే చిత్రాల చిట్టి అట్టలకు ఇంతకంటే దగ్గరి చుట్టం లేదు. అచ్చుముక్కలు చవగ్గా రాగానే ఈ పని కరిగిపోయింది. నాటకరంగానిదీ ఒక పాత్ర ఉంది. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు, బళ్లారి రాఘవ నడిపిన తెలుగు నాటకం బళ్లారిలోనే వేళ్లూనింది. పౌరాణిక నాటకం అన్నాక కిరీటం తప్పదు. అట్ట, తళుకుకాగితం, అద్దంముక్క, పూస, జిగురు, ఇవన్నీ కలిస్తేనే దుర్యోధనుడు.

రెండో అభ్యంతరం మరింత బలమైనది. కరణం లెక్క రాసుకున్నాడు, చిత్రగారి కూటికోసం చేశాడు, ఇవాళ్టివాళ్లు కాలక్షేపానికి చేస్తున్నారు. వీటిని ఒకే చరిత్రలో ఎలా కడతారు? స్క్రాప్‌బుక్ పడమటి దేశాల వస్తువే, అమెరికాలో మార్క్ ట్వైన్ 1873లో జిగురు ముందే పూసిన స్క్రాప్‌బుక్‌కు పేటెంటు తీసుకున్నాడు. కాగితం అతికి బొమ్మ చెయ్యడం గ్యాలరీ కళగా నిలిచింది 1912లో ఫ్రాన్స్‌లో, బ్రాక్, పికాసోల చేతుల్లో. ఇవన్నీ నిజాలే, వాటి ప్రభావం ఇవాళ్టి అభిరుచి మీద ఉన్నదీ నిజమే. కానీ ప్రయోజనం మారినంత మాత్రాన పద్ధతి వంశం తెగిపోదు. పైగా మన ఇళ్లలో కూలీ లేని, గ్యాలరీ లేని ఒక అట్టపని ఎప్పుడూ ఉంది. పాత కాగితాలు నానబెట్టి, మెంతులతో కలిపి రుబ్బి, ఆ గుజ్జుతో చేటల కంతలు పూడ్చడం, బుట్టలు చెయ్యడం. మెంతి జిగురు ఇస్తుంది, పురుగును దూరంగా ఉంచుతుంది. ఆరాక పైన రంగుకాగితం అంటించే ఇల్లాలు అవసరానికీ అందానికీ మధ్య గీత గీయలేదు. దాన్ని ఎవరూ కళ అని నమోదు చెయ్యలేదు, అంతే. మన కళాచరిత్రలు కులవృత్తులను లెక్కించాయి, వంటింటి వెనక పనిని వదిలేశాయి.

ఈ కథ ఒక్కచోట దొరక్కపోవడానికి హద్దులూ కారణమే. 1882లో అనంతపురం బళ్లారి నుంచి విడిపోయింది. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్లారితో సహా మిగతా తాలూకాలు మైసూరుకు వెళ్లాయి. అప్పటికి కిన్నాళ హైదరాబాదు రాష్ట్రంలో ఉంది. 2021లో హంపీ కూడా బళ్లారి జిల్లా నుంచి వేరై విజయనగర జిల్లాలో చేరింది. కన్నడ పుస్తకాలు కిన్నాళ చెబుతాయి, తెలుగు పుస్తకాలు కొండపల్లి, చేర్యాల చెబుతాయి, నడుమనున్న కడితం రెండు చేతుల్లోనూ జారిపోయింది. చేతిపనుల పీరియడ్‌కు చార్టులూ థర్మాకోలూ కొనిపించే సరిహద్దు బడుల ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. మూరెడు నూలుగుడ్డ, గుప్పెడు చింతగింజలు, కాస్త బొగ్గుపొడి, ఒక బలపం తెప్పించండి. ఈ సంవత్సరం పిల్లల చేత ఒక కడితం చేయించండి. ఖర్చు పెద్దగా ఉండదు.