పని ఎటు పోయింది? బోధన్ చక్కెర నుంచి అమెరికా కంప్యూటరు దాకా

ఇందూరు చరిత్రలో 1937వ సంవత్సరాన్ని రెండు కారణాల వల్ల గుర్తుంచుకోవాలి. ఆ ఏడు మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులో ఆంధ్ర మహాసభ ఆరవ సమావేశం జరిగింది. ఆ ఏడే బోధన్ చక్కెర పరిశ్రమ కోసం నిజాం షుగర్ ఫ్యాక్టరీ కంపెనీ ఏర్పడింది. మొదటిది ప్రజల భాషకూ హక్కులకూ సంబంధించిన ఘటన. రెండవది పెట్టుబడికీ యంత్రానికీ సంబంధించినది. మన సాహిత్య చరిత్రకారులు మొదటిదాన్ని శ్రద్ధగా నమోదు చేశారు. రెండవదాన్ని మాత్రం ఆర్థికశాస్త్రం వాళ్ళ పని అని వదిలేశారు. ఆ విభజన వల్ల కలిగిన నష్టం ఇప్పుడు తెలిసివస్తున్నది.

ఎందుకంటే ఇవాళ రెండు గొంతులు మనకు వినిపిస్తున్నాయి. ‘మా ఉద్యోగాలు ఇండియాకు తరలిపోయాయి’ అని అమెరికా ఉద్యోగి అంటున్నాడు. ‘అమెరికా మాకు తలుపులు మూసేస్తున్నది’ అని మన ఇంజనీరు అంటున్నాడు. ఇద్దరూ చెప్పేది తమ అనుభవంలోని నిజమే. కాని ఇద్దరూ ఒకరి వైపు ఒకరు వేలెత్తి చూపుతున్నారే తప్ప, పనిని ఒక చోటి నుంచి మరొక చోటికి తరలించిన చేతిని చూడడం లేదు. ఆ చేతిని చూడడం నేర్చుకోవాలంటే కాలిఫోర్నియా దాకా పోనక్కరలేదు. బోధన్ దాకా పోతే చాలు.

1

మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ లేకపోతే బోధన్‌లో చెరుకు లేదు, చక్కెరా లేదు. నీళ్ళు వచ్చిన తర్వాత కోస్తా జిల్లాల నుంచి రైతులు వచ్చి ఆయకట్టులో స్థిరపడ్డారు. వాళ్ళ ఊళ్ళను ఇప్పటికీ ‘క్యాంపు’లనే పిలుస్తారు. ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ అనే కాలనీ వెలిసింది. ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారాలలో ఒకటని దానికి పేరు వచ్చింది. తెలుగు, ఉర్దూ, మరాఠీ కలిసే ఈ సరిహద్దు పట్టణంలో ఒక కార్మికవర్గం తయారయింది. ఇది మనం విస్మరించరాని విషయం. గడీల నీడలో వెట్టి చేసిన తరం పక్కనే, సైరన్ మోతకు లేచి, నెల జీతం తీసుకుని, యూనియన్ చందా కట్టే తరం పుట్టింది.

ఈ ఫ్యాక్టరీ ఎలా మూతపడింది? 2002లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బోధన్, మెట్‌పల్లి, మెదక్ యూనిట్లలో 51 శాతం వాటాను ప్రైవేటు సంస్థకు అప్పగించింది. ‘నిజాం దక్కన్ షుగర్స్’ అనే ఉమ్మడి కంపెనీ ఏర్పడింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి గేట్లు మూశారు. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. 2024లో కొత్త ప్రభుత్వం పునరుద్ధరణ కోసం కమిటీని వేసింది.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోవాలి. బోధన్ కార్మికుని పనిని ఏ విదేశీయుడు ఎత్తుకుపోయాడు? ఏ చైనా కూలీ, ఏ వియత్నాం కూలీ వచ్చి ఆ గానుగ ముందు నిలబడ్డాడు? ఎవరూ లేరు. ఇది పని తరలిపోయిన కథ కాదు, పని ఆగిపోయిన కథ. యంత్రం నడపాలా వద్దా అని తేల్చే హక్కు నడిపేవాని చేతిలో లేకపోవడమే దీనికి మూలం. పరాయివాడు లేకుండానే పని పోవచ్చునని బోధన్ మనకు మొదటి పాఠంగా చెబుతున్నది.

2

రెండవ పాఠం బీడీలది. ఫ్యాక్టరీ గేటు బోధన్‌లో ఉంటే, బీడీ కార్ఖానా మాత్రం నిజామాబాదు చుట్టూ ఉన్న ప్రతి ఊరి ప్రతి గడపలోనూ ఉన్నది. తునికాకు, తంబాకు, దారం కంపెనీ ఇస్తుంది. చాట, కత్తెర, మెడనొప్పి కార్మికురాలివి. ఆమెకు గేటు లేదు, సైరన్ లేదు. పని ఇంటికే వస్తుంది. మంచిదే కదా అనిపిస్తుంది. కాని పని ఇంటికి వచ్చినప్పుడు ఇల్లే కార్ఖానా అవుతుంది. పక్కింటి ఆడమనిషి తోటి కార్మికురాలు కాకుండా పోటీదారు అవుతుంది.

ఈ పద్ధతి ఎంత తేలికగా చోటు మార్చగలదో కేరళ అనుభవం చూపించింది. బీడీ, సిగార్ కార్మికుల చట్టం 1966లో వచ్చింది. దాన్ని 1968లో కేరళలో అమలు చేయబోగానే, మంగళూరుకు చెందిన గణేశ్ బీడీ కంపెనీ కన్ననూరులో పని ఎత్తివేసింది. సుమారు 12 వేల మంది వీధిన పడ్డారు. చట్టం ఎక్కడ కార్మికుని పక్షాన నిలబడుతుందో అక్కడి నుంచి పని లేచిపోతుందన్నమాట. సముద్రం దాటకుండానే, ఒక రాష్ట్రం సరిహద్దు దాటి జరిగిన ‘ఆఫ్‌షోరింగ్’ ఇది. ఆ మాట అప్పటికి మనకు తెలియదు, అంతే. కాగా ఆ కార్మికులు మంగళూరు వైపు పిడికిళ్ళు చూపి ఊరుకోలేదు. 1969లో దినేశ్ బీడీ సహకార సంఘాన్ని కట్టుకున్నారు. పక్క రాష్ట్రంలో బీడీలు చుట్టే మనిషిని శత్రువుగా కాక, పనిని ఎత్తివేసే అధికారాన్ని శత్రువుగా గుర్తించడం వల్లనే అది సాధ్యమయింది.

3

పని మనిషి దగ్గరికి రావడం ఒక పద్ధతి. మనిషి పని దగ్గరికి పోవడం మరొకటి. 1973లో చమురు ధరలు పెరిగిన తర్వాత గల్ఫ్ దేశాలలో కట్టడాలు లేచాయి. వాటి కోసం నిజామాబాదు, కరీంనగర్, ఆదిలాబాదు పల్లెల నుంచి మనుషులు బయలుదేరారు. ఆ ఇంట్లో భార్య బీడీలు చుట్టింది, భర్త దుబాయిలో ఇటుకలు మోశాడు. ఒకే కుటుంబంలో ఒకరికి పని ఎదురొచ్చింది, ఇంకొకరు పనికి ఎదురేగారు. ఇద్దరికీ కూలి రేటు నిర్ణయించిన వాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

ఈ రెండు పద్ధతులే కంప్యూటరు రంగంలోనూ జరిగాయని గమనిస్తే చాలా చిక్కుముళ్ళు విడిపోతాయి. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ బెంగుళూరులో డిజైన్ కేంద్రం తెరిచి ఉపగ్రహం ద్వారా పనిని అమెరికాకు పంపింది. అది బీడీ పద్ధతి. 1990 నాటి అమెరికా చట్టం హెచ్1బి వీసాను తెచ్చింది. 2000 సంవత్సరపు తేదీల సమస్య కోసం వేలాది తెలుగు యువకులు ఆ దారిన వెళ్ళారు. అది దుబాయి పద్ధతి. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ తెరిచారు. 2023 ఆగస్టులో నిజామాబాదులోనూ ఐటీ హబ్ ప్రారంభమయింది. బోధన్ గేటు మూసిన ఎనిమిదేళ్ళలోపే, సుమారు పాతిక కిలోమీటర్ల దూరంలో, కొత్త గేటు తెరుచుకున్నది.

ఈ కొత్త గేటును ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. జిల్లా పిల్లలు నగరానికి పోకుండా జీతం తెచ్చుకోవడం మేలే. కాని ఈ పని ఎందుకు ఇక్కడికి వచ్చింది? ఇక్కడి జీతం తక్కువ కనుక. అదే కారణం రేపు దాన్ని మరో ఊరికో, మరో యంత్రానికో తరలించగలదు. 2025 జూలైలో టాటా కన్సల్టెన్సీ 12 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. పని వచ్చిన చోట కూడా అది నిలకడగా ఉండదనడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కరలేదు.

4

అట్లాగని అమెరికా ఉద్యోగి బాధ అబద్ధమా? కాదు. 2015లో ఫ్లోరిడాలోని డిస్నీ సంస్థ సుమారు 250 మంది కంప్యూటరు ఉద్యోగులను తొలగించింది. పోయే ముందు, తమ స్థానంలో వచ్చే ఇండియా వాళ్ళకు పని నేర్పే అవమానాన్ని వాళ్ళలో కొందరు భరించవలసి వచ్చింది. ఆ గదిలోని దృశ్యాన్ని మనం ఊహించుకోవాలి. నేర్పేవానికి కొలువు పోతున్నది. నేర్చుకునేవాడు వీసా పోతుందనే భయంతో తలెత్తడు. ఇద్దరి మధ్యా ఒక బల్ల. ఆ బల్ల దగ్గర వాళ్ళిద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టినవాడు మాత్రం ఆ గదిలో లేడు.

ఆ గదిలో లేనివాణ్ణి వదిలి ఎదుట ఉన్నవాణ్ణి కొట్టడం చరిత్రలో కొత్త కాదు. అమెరికాలో 1882లో చైనీయుల ప్రవేశాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. 1885లో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్‌లో తెల్ల గని కార్మికులు 28 మంది చైనా గని కార్మికులను చంపారు. వాళ్ళకు తక్కువ కూలి ఇచ్చి పెట్టుకున్న కంపెనీకి ఏమీ కాలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లోని ఒలేథేలో, హైదరాబాదు నుంచి వెళ్ళిన ఒక ఇంజనీరు ‘మా దేశం విడిచిపో’ అనే కేకల మధ్య తుపాకి గుండుకు బలయ్యాడు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము విధించారు. రుసుము వల్ల మనిషి ఆగుతాడు. పని మాత్రం ఆగదు, తీగల మీదుగా సముద్రం దాటుతుంది. హద్దులు శ్రమకే తప్ప పెట్టుబడికి లేవు.

దీనికి విరుగుడును కూడా చరిత్ర చూపింది. 1864లో లండన్‌లో మొదటి ఇంటర్నేషనల్ ఏర్పడడానికి ఒక కారణం, సమ్మెలను విరగ్గొట్టడానికి యజమానులు పరదేశాల నుంచి కూలీలను తెప్పించడం. ‘వాళ్ళను రానివ్వద్దు’ అనడంతో సరిపెట్టకుండా, ‘వాళ్ళతో మాట్లాడుదాం’ అన్నారు ఆనాటి కార్మికులు. ఆ మాట నేటికీ పాతబడలేదు. సముద్రానికి ఇరువైపులా ఒకే కంపెనీకి పని చేసేవాళ్ళు ఒకే సంఘంలో లేకపోవడమే కంపెనీకి ఉన్న అసలు బలం.

5

మరి రచయితల మాట ఏమిటి? 1948లో ఇందూరు జైలు గోడ మీద దాశరథి బొగ్గుతో పద్యం రాసిన సంగతి మనకందరికీ తెలుసు. వట్టికోట ఆళ్వారుస్వామి ఆ జైలులో ఆయనకు సహచరుడు. వాళ్ళకు శత్రువు ఎవరో తెలుసు. పేరుతో సహా తెలుసు. అందుకే వాళ్ళ రచనలో కోపానికి గురి ఉన్నది.

మన తరం సాహిత్యంలో వలస దుఃఖానికి కొదవ లేదు. దుబాయి నుంచి వచ్చిన శవపేటిక ఉన్నది, అమెరికాలో ఒంటరితనం ఉన్నది, ఊళ్ళో మిగిలిన తల్లి ఉన్నది. లేనిదల్లా నిర్ణయం. ఎవరు, ఎప్పుడు, ఏ లెక్క చూసుకుని ఒక పనిని ఒక ఊరి నుంచి ఎత్తివేశారో ఆ దృశ్యం మన కథలలో కనిపించదు. ఫలితంగా నష్టం విధిలాగానో, పరాయివాడి తప్పులాగానో పాఠకునికి తోస్తున్నది. దుఃఖాన్ని మాత్రమే రాసి కారణాన్ని వదిలేసిన సాహిత్యం, తనకు తెలియకుండానే ద్వేషానికి తావిస్తుంది.

శక్కర్‌నగర్‌లో గానుగ శబ్దం గుర్తున్నవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళ మాటలు మూడు భాషలలో ఉన్నాయి. సాహిత్య విద్యార్థులు ముందు వాటిని సేకరించాలి. ఆ పక్కనే బీడీ చాట ముందు కూర్చున్న ఆమె మాటను, ఐటీ హబ్‌లో రాత్రి షిఫ్టు చేసే ఆమె కూతురు మాటను, కొలువు పోయిన ఫ్లోరిడా ఉద్యోగి మాటను చేర్చాలి. ఈ నలుగురినీ ఒకే పుటలో కూర్చోబెట్టే రచన మనకు ఇంకా రావలసి ఉన్నది. వాళ్ళను విడివిడిగా కూర్చోబెట్టడం వల్ల లాభం ఎవరికో బోధన్ ఇదివరకే చెప్పింది.