ఖుస్రో సాబ్ లెక్కపెట్టిన నూరుమంది

"మీకేం భాయ్, మీ తాతలు నవాబులు!"

పత్రికాఫీసు కింద చాయ్ తాగుతూ ఈ మాటన్న మిత్రుడు మంచివాడే. సెక్యులర్. డిసెంబర్ 6 వస్తే మాతోపాటు ధర్నాలో కూర్చునేవాడే. అతని గొంతులో ద్వేషం లేదు. ద్వేషం ఉంటే జవాబు చెప్పడం మాకు అలవాటే. నవ్వుతూ అన్నాడు కాబట్టే ఏం చెప్పాలో తోచలేదు.

మా ఇంట్లో ఒక రేకు సందూక్ ఉంది. మా దాదీ పెళ్ళినాటిది. దాంట్లో రెండు ఉర్దూ కాయితాలున్నాయి. ఒకటి మా దాదా రక్షిత కౌలుదారని సర్కారు ఇచ్చిన కాయితం. పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు, ఎకరాలు గుంటలు. రెండోది ఆ హక్కును తనకు తానుగా, ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నానని ఆయన రాసిచ్చినట్టున్న కాయితం. కింద వేలిముద్ర. మా దాదా మసీదు మక్తబ్‌లో చదువుకున్నాడు. ఉర్దూలో సంతకం పెట్టేవాడు. మరి వేలిముద్ర ఎందుకుందో ఇంట్లో ఎవరూ చెప్పలేదు. మేం అడిగే వయసుకొచ్చేసరికి చెప్పేవాళ్ళు లేరు.

ఆ రెండు కాయితాల మధ్య ఏం జరిగిందో మాకు తెలిసింది ఇంట్లో కాదు, ఒక అర్థశాస్త్రవేత్త లెక్కల్లో. ఆయన పేరు అలీ మొహమ్మద్ ఖుస్రో. ఎ.ఎం. ఖుస్రో అంటే ఆర్థిక సంఘం ఛైర్మన్‌గా కొందరికి తెలుసు. మావాళ్ళకైతే అలీగఢ్ వైస్ ఛాన్సలర్‌గా తెలుసు. తెలంగాణ భూమి గురించి ఆయన తొలినాళ్ళలో చేసిన పని ఇటువాళ్ళకూ అటువాళ్ళకూ పట్టలేదు.

ముందు ఆ భూమి సంగతి చెప్పాలి. నిజాం రాజ్యంలో సర్కారుకు నేరుగా శిస్తు కట్టే దివానీ ఇలాకా సుమారు 60 శాతం. జాగీర్లు 30 శాతం దాకా. మిగిలిన 10 శాతం నిజాం సొంత ఖర్చుల కోసం పెట్టుకున్న సర్ఫేఖాస్. జాగీర్దార్లలో ముస్లింలు చాలామందే. దాచి లాభం లేదు. పాయిగాలు, సాలార్‌జంగ్‌లు మా పేర్లే. అదే నీడలో గద్వాల, వనపర్తి సంస్థానాలూ చల్లగా బతికాయి. దివానీ ఊళ్ళలో విసునూరు రామచంద్రారెడ్డి, జన్నారెడ్డి ప్రతాపరెడ్డి లాంటి దొరలు రాజ్యమేలారు. వీళ్ళందరి కిందా వెట్టి చేసినవాళ్ళలో, కౌలుకు దున్నినవాళ్ళలో మాల మాదిగలు, గొల్ల కురుమలు, లంబాడీలు ఉన్నారు. వాళ్ళ పక్కనే సాయిబులున్నారు, దూదేకులోళ్ళున్నారు. నవాబు పేరునూ మా దాదా పేరునూ ఒకే లిపిలో రాస్తారు. చుట్టరికం అంతవరకే.

కామారెడ్డిగూడెం షేక్ బందగీ కథ తెలియని తెలంగాణ మనిషి ఉండడు. నాలుగెకరాల కోసం విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టుకెక్కాడు. కోర్టులో గెలిచాడు. 1940లో దారికాచి చంపేశారు. ఆ కథను 'మా భూమి' నాటకం ఊరూరికీ మోసుకెళ్ళింది. బందగీని ఉద్యమం గుర్తుపెట్టుకుంది, మంచిదే. కానీ చావకుండా బతికిన బందగీలు వేలమంది ఉన్నారు. వాళ్ళకు పాటల్లో చోటు లేదు. వాళ్ళేమయ్యారు?

1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య. 1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ, వ్యవసాయ భూముల చట్టం. ఈ మూడు తేదీలను మన పాఠ్యపుస్తకాలు మెట్లలాగా పేరుస్తాయి. చీకటి పోయింది, వెలుగొచ్చింది, భూమొచ్చింది అన్నట్టు. మొదటి మెట్టు మీద నెత్తురుందన్న సంగతి పండిట్ సుందర్‌లాల్ కమిటీ అప్పుడే రాసింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయారని అంచనా కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ఘోరం ఎక్కువ. చంపడంతోపాటు ఇళ్ళూ భూములూ గుంజుకున్నారని కూడా నమోదు చేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం కంటపడలేదు. మా ఊరు ఆ నాలుగు జిల్లాల్లోది కాదు. మావాళ్ళెవరూ చనిపోలేదు. భయపడి దాదీ పుట్టింటికి వెళ్ళి కొన్ని నెలలు తలదాచుకున్నారు, అంతే. తిరిగొచ్చేసరికి మడిలో వేరే నాగలి నడుస్తోంది.

1950 చట్టం మంచి చట్టం. ఇంత కాలం సాగు చేసినవాణ్ణి రక్షిత కౌలుదారుగా గుర్తించాలంది. ఇష్టమొచ్చినప్పుడు తీసెయ్యడానికి లేదంది. కొనుక్కునే హక్కూ ఇచ్చింది. రాష్ట్రం మొత్తంలో 6 లక్షల మందికి పైగా రక్షిత కౌలుదార్లు తేలారు. సాగుభూమిలో పావు వంతుకు పైగా వాళ్ళ చేతిలో ఉన్నట్టు లెక్క. కాయితం మీద ఇది చిన్న విప్లవమే.

అప్పుడు వచ్చారు ఖుస్రో సాబ్. 1925లో హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో చదివి, ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయానికి వెళ్ళొచ్చిన మనిషి. ఉస్మానియాలో అర్థశాస్త్రం చెప్పేవారు. ప్రణాళికా సంఘం పరిశోధన కార్యక్రమం కింద ఆ చట్టం ఊళ్ళలో ఏం చేసిందో లెక్క తీశారు. జాగీర్దారీ రద్దు, భూసంస్కరణల ఫలితాల మీద ఆయన పుస్తకాన్ని 1958లో ఉస్మానియా విశ్వవిద్యాలయమే వేసింది. అప్పటికి హైదరాబాద్ రాష్ట్రమే లేదు. 1956లో మూడు ముక్కలై తెలుగువాళ్ళకూ మరాఠీవాళ్ళకూ కన్నడంవాళ్ళకూ పోయింది. లేని రాష్ట్రం గురించిన పుస్తకాన్ని ఎవరు చదువుతారు?

అందులోని ఒక లెక్క కోసమైనా చదవాల్సింది. 1951లో రక్షిత కౌలుదార్లయిన వాళ్ళను నూరుమంది అనుకుంటే, నాలుగేళ్ళు తిరక్కుండానే అలాగే మిగిలింది 45 మంది. భూమి కొనుక్కుని సొంతదార్లయింది 12 మంది. చట్టప్రకారం తీసేసింది ఇద్దరినో ముగ్గురినో. చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టింది 22 మందిని. 'స్వచ్ఛందంగా' వదులుకున్నవాళ్ళు 17 మంది.

ఈ అంకెలు మొదటిసారి చూసినప్పుడు మేం బి.ఎ. చదువుతున్నాం. ఎకనామిక్స్ మాకు పరీక్ష పాసవడానికి బట్టీపట్టే సబ్జెక్టు. ఆ 17 దగ్గర ఆగిపోయాం. మా సందూక్‌లో రెండో కాయితం ఆ 17లోదని తెలియడానికి అర్థశాస్త్రం అక్కర్లేదు. చట్టం ప్రకారం కౌలుదారు తన హక్కును రాతపూర్వకంగా వదులుకోవాలి, తహసీల్దారు ముందు ఒప్పుకోవాలి. అది పేదవాడికి రక్షణ అనుకుని పెట్టిన నిబంధన. ఆ రక్షణే దొరకు దారైంది. కట్టె పట్టుకుని వెళ్ళగొడితే నేరం, పట్వారీతో కాయితం రాయించి వేలు పట్టి ముద్రేయిస్తే స్వచ్ఛందం. 22నూ 17నూ కలపండి. చట్టం రక్షిస్తానన్న నూరుమందిలో 39 మంది నాలుగేళ్ళలో మట్టికి దూరమయ్యారు. కొనుక్కుని బాగుపడ్డవాళ్ళకన్నా మూడింతలకు మించి.

ఖుస్రో సాబ్ దీన్ని ఆవేశపడకుండా చెప్పారు. అది ఆయన పద్ధతి. మాకు ఒక్కోసారి కోపం తెప్పించే పద్ధతి కూడా. కానీ ఆలోచిస్తే, సాయుధ పోరాటం ఆగిపోయాక, పార్టీలన్నీ ఎన్నికల్లో పడ్డాక, ఊళ్ళలో నిశ్శబ్దంగా జరిగిన ఆ రెండో వెళ్ళగొట్టడాన్ని అంకెల్లో పట్టుకున్నది ఒక హైదరాబాదీ ముసల్మాను. మమ్మల్ని నవాబుల మనవలన్న మిత్రుడికి ఈ ముక్క చెప్పాలనిపించింది. జాగీర్దార్ల మతం అందరూ చూశారు. కౌలుదార్ల బతుకు లెక్కపెట్టినవాడి మతం ఎవరూ చూడలేదు. చూడకపోవడమే న్యాయమేమో కూడా!

తర్వాత ఆయన ఢిల్లీ వెళ్ళారు. ఇనిస్టిట్యూట్ ఆఫ్ ఎకనమిక్ గ్రోత్‌లో ప్రొఫెసర్, తర్వాత డైరెక్టర్. చిన్న కమతంలో ఎకరానికి దిగుబడి ఎక్కువా, పెద్ద కమతంలోనా అని 1960లలో ఆర్థికవేత్తల మధ్య పెద్ద వాదన నడిచింది. చిన్నరైతు ఎకరాకు ఎక్కువ పండిస్తాడని సర్వేలు చెప్పాయి. భూసారం తేడాను సరిచేసి చూస్తే ఆ ఆధిక్యం చాలావరకు కరిగిపోతుందని ఖుస్రో అన్నారు. ఎర్రజెండా మిత్రులకు ఇది నచ్చలేదు. మాకూ అంతగా నచ్చలేదు. కానీ తనకు ఇష్టమైన జవాబు కోసం అంకెను వంచని మనిషి అని అక్కడ తెలుస్తుంది. 1958లో అంకె పేదవాడి వైపు నిలిచింది కాబట్టి మెచ్చుకుని, 1964లో నిలవలేదు కాబట్టి తిట్టడం మాకు చేతకాదు.

పదవులు వరసగా వచ్చాయి. 1974 నుంచి 1979 దాకా అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. ఆ యూనివర్సిటీ మైనారిటీ స్వభావం మీద గొడవ రగులుతున్న రోజులు, మధ్యలో ఎమర్జెన్సీ. ఆ తర్వాత పశ్చిమ జర్మనీలో రాయబారి, 1982 నుంచి రెండేళ్ళు ప్రణాళికా సంఘం సభ్యుడు. రిజర్వు బ్యాంకు 1986లో వేసిన వ్యవసాయ పరపతి సమీక్షా సంఘానికి అధ్యక్షుడు. 1989లో ఇచ్చిన ఆ నివేదిక గ్రామీణ బ్యాంకులు నష్టాల్లోంచి బయటపడలేవని, వాటిని పెట్టిన పెద్ద బ్యాంకుల్లోనే కలిపెయ్యాలని చెప్పింది. బ్యాంకు పుస్తకం చూస్తే సబబే. పట్టా లేని కౌలురైతు మాత్రం చిన్న బ్యాంకు గుమ్మం దగ్గరా పెద్ద బ్యాంకు గుమ్మం దగ్గరా అప్పు పుట్టక వడ్డీవ్యాపారి దగ్గరికే పోయాడు. ఆ నూరుమందిని లెక్కపెట్టిన మనిషి ఆ గుమ్మం దగ్గర మరికాస్త సేపు నిలబడి ఉంటే బాగుండేదని మా ఫిర్యాదు.

1998లో ఆయన్ని పదకొండో ఆర్థిక సంఘానికి ఛైర్మన్‌ను చేశారు. కేంద్రం వసూలు చేసిన పన్నుల్లో రాష్ట్రాలకెంత, ఏ రాష్ట్రానికెంత అని తేల్చే సంఘం. 2000లో ఇచ్చిన నివేదికలో పన్నుల నికర రాబడిలో 29.5 శాతం రాష్ట్రాలదన్నారు. పంపకంలో 62.5 శాతం బరువు ఒక్క సూత్రానికే. తలసరి ఆదాయంలో ఏ రాష్ట్రం ఎంత వెనకబడితే దానికి అంత ఎక్కువ. జనాభాకు ఇచ్చింది 10 శాతమే. బీహార్, ఉత్తరప్రదేశ్ లాంటివి లాభపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ వాటా తగ్గింది.

ఇక్కడ గొడవ మొదలైంది. హైటెక్ సిటీ రోజులవి. బాగా పనిచేసిన రాష్ట్రాలను శిక్షిస్తారా అని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు లేచారు. 2000 ఆగస్టులో మరికొందరు ముఖ్యమంత్రులను వెంటబెట్టుకుని ఢిల్లీలో నిరసన తెలిపారు. హైదరాబాద్‌లో పుట్టిన మనిషి హైదరాబాద్ ఖజానాకు గండి కొట్టాడు! పుట్టిన ఊరికి పక్షపాతం చూపించడమే దేశభక్తి అయితే ఖుస్రో సాబ్ ఫెయిలయ్యారు. మావాళ్ళను మీ భక్తి ఎటువైపని అడిగే దేశంలో, ఒక ముసల్మాను తన సొంత రాష్ట్రం వాటా తగ్గించి, ఎప్పుడూ బతకని బీహారు పేదవాడికి పంచమన్నాడు. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు.

అయితే ఆ సూత్రంలో ఒక చిల్లుంది. అది రాష్ట్రాన్ని చూస్తుంది, మనిషిని చూడదు. తలసరి అంటే సగటు. బంజారాహిల్స్‌నూ తలాబ్‌కట్టనూ కలిపి తీసిన సగటులో తలాబ్‌కట్ట కనబడదు. సర్కారు లెక్కల్లో మేం ఎప్పుడూ ఆ సగటు కిందే ఉండిపోయాం. మమ్మల్ని విడిగా చూసింది సచార్ కమిటీ. 2005లో వేస్తే 2006లో నివేదిక ఇచ్చింది. సభ్యకార్యదర్శి అబూసాలెహ్ షరీఫ్ కూడా అర్థశాస్త్రవేత్తే. 2001 జనాభా లెక్కల్లో దేశ అక్షరాస్యత 65.1 శాతమైతే ముస్లింలది 59.1 అని, ఐఎఎస్‌లో మావాళ్ళు 3 శాతమేనని సర్కారు కాయితం మీదే అచ్చయింది. ఖుస్రో సాబ్ దాన్ని చూడలేదు. 2003లోనే కన్నుమూశారు. చూసి ఉంటే ఏమనేవారో మేం ఊహించం. ఆయన నోట్లో మా మాటలు పెట్టడం న్యాయం కాదు.

రక్షిత కౌలుదార్ల కథ ఆయనతో ఆగలేదు. అదే చట్టంలోని 38-ఇ సెక్షన్ కింద తెలంగాణ జిల్లాల్లో 1973 జనవరి 1 నుంచి రక్షిత కౌలుదారే సొంతదారన్నారు. అప్పటికి మిగిలినవాళ్ళకు ఆ సర్టిఫికెట్లొచ్చాయి. నగరం పెరిగి ఎకరం కోట్లకు పోయాక వాటి మీద కేసులు మొదలయ్యాయి, ఇంకా నడుస్తున్నాయి. 2020లో ధరణి వచ్చినప్పుడు రికార్డులో అనుభవదారు కాలమే ఎత్తేశారు. దున్నేవాడి పేరు రాయడానికి అప్పుడు గడి లేకుండా పోయింది. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది.

మొన్న మా చిచ్చా కొడుకు ఆ రెండు కాయితాలూ పట్టుకుని మండలాఫీసుకు వెళ్ళాడు. వాడికి ఉర్దూ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అక్కడున్నాయనకు రెండూ రావు. 1954-55 ఖాస్రా పహాణీ నకలు తెచ్చుకోమన్నాడట. తెచ్చుకుంటే అదీ ఉర్దూలోనే ఉంది. వాడు మాకు ఫోన్ చేసి "భాయీజాన్, పేరు ఎక్కడుందో చూసి చెప్పు" అన్నాడు. ఫోటో పంపాడు. పట్టాదారు గడిలో దొర పేరుంది. పక్క గడిలో మా దాదా పేరు రాసి, దాని మీద సిరా గీత కొట్టి ఉంది. పేరు ఇంకా చదవడానికి వస్తుంది.