రసాయన ప్రయోగశాలకు ముందు కొన్ని నిమిషాల వీడియో

డిగ్రీ రసాయనశాస్త్ర విద్యార్థులు చేసే తొలి ప్రయోగాలలో పొటాషియం పర్మాంగనేట్‌తో ఆక్సాలిక్ ఆమ్లం అంశమాపనం ఒకటి. బ్యూరెట్ నుంచి తొలి చుక్కలు పడగానే వేడి ద్రావణం గులాబీ రంగుకు మారి, కొంతసేపు అలాగే నిలుస్తుంది. లేత గులాబీ రంగు స్థిరంగా ఉండే వరకు పోయాలని మాన్యువల్‌లో చదివిన విద్యార్థి, అదే అంతిమ స్థానమని భావించి అక్కడే ఆపివేసే అవకాశం ఉంది. నిజానికి చర్య అప్పుడే మొదలవుతోంది. చర్యలో ఏర్పడే మాంగనీస్ అయాన్లే దానికి ఉత్ప్రేరకం. అవి తగినంత ఏర్పడే వరకు రంగు నెమ్మదిగా పోతుంది. ఆ తరువాత చుక్క పడిన వెంటనే మాయమవుతుంది. ఈ తేడాను అక్షరాలలో వివరించడానికి ఒక పుట పడుతుంది. వీడియోలో చూపడానికి నిమిషం చాలు.

ప్రయోగానికి ముందే విద్యార్థులు చూసి రావలసిన ఇటువంటి చిన్న వీడియోలను పలు దేశాల విశ్వవిద్యాలయాలు రసాయన బోధనలో భాగం చేసుకున్నాయి. వీటి అవసరాన్ని వివరించే సిద్ధాంతం వీడియోల కన్నా పాతది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ జాన్‌స్టన్ 1980వ దశకం ఆరంభంలోనే ప్రయోగశాల విద్యార్థి ఎదుర్కొనే మానసిక భారాన్ని పరిశీలించారు. కొత్త పరికరాలు, కొత్త పదాలు, రాతపూర్వక సూచనలు, లెక్కలు, అధ్యాపకుని మాటలు అన్నీ ఒకేసారి మీదపడినప్పుడు స్వల్పకాలిక జ్ఞప్తి నిండిపోతుంది. అప్పుడు విద్యార్థి ఆలోచించడం మాని, వంటల పుస్తకం చూసి వండినట్టు సూచనలను వరుసగా అమలు చేస్తాడు. ఆ భారంలో కొంత భాగాన్ని ముందురోజు ఇంటివద్దే దించుకోగలిగితే, ప్రయోగ సమయం ఆలోచనకు మిగులుతుంది.

అందుకే మంచి వీడియో పాఠాన్ని తిరిగి చెప్పదు, చేతులను చూపుతుంది. బ్యూరెట్‌ను అందులో నింపబోయే ద్రావణంతోనే కడగాలి, శాంకవ కుప్పెను మాత్రం స్వేదన జలంతోనే కడగాలి. పిపెట్ మొనలో మిగిలే చివరి చుక్కను ఊదరాదు. పర్మాంగనేట్ ముదురు రంగు ద్రావణం కనుక ద్రవతలపు అడుగు వంపును కాక పై అంచును చూసి కొలత తీసుకోవాలి. బ్యూరెట్ మీద అతి చిన్న విభాగం 0.1 మిల్లీలీటరు, ఒక చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు. కంటి ఎత్తు కొద్దిగా మారినా ఫలితం మారుతుంది. సరైన పద్ధతితో పాటు పొరపాటును కూడా చూపే వీడియోలు మరింత ఉపయోగకరం. ఉష్ణోగ్రత 60 డిగ్రీల కన్నా బాగా తగ్గితే చర్య ఎంత మందగిస్తుందో, ఆమ్లం చాలకపోతే గోధుమ రంగు అవక్షేపం ఎలా ఏర్పడుతుందో కళ్లారా చూసిన విద్యార్థి, తన కుప్పెలో అదే కనిపించినప్పుడు కారణాన్ని తానే వెతుక్కోగలుగుతాడు.

కొందరు అధ్యాపకులు కెమెరాను విద్యార్థి వైపు తిప్పారు. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయ బృందం 2015లో వెలువరించిన పద్ధతిలో, విద్యార్థి పిపెట్ వాడుతూ తన వీడియోను తానే తీసి సమర్పిస్తాడు. నైపుణ్యం సరిపోతే డిజిటల్ బ్యాడ్జి లభిస్తుంది. బ్రిటన్‌లోని ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు నమూనా వీడియోలు చూసి వచ్చి, అంశమాపనం, స్వేదనం వంటి పనులను ఒకరి ముందు ఒకరు చేసి చూపుతూ చిత్రీకరించుకున్నారు. రికార్డు పుస్తకంలోని అంకెల కన్నా చేతి నైపుణ్యానికి ఇది నమ్మదగిన ఆధారం. పక్క బ్యాచ్ నుంచి అంకెలను ఎత్తి రాసుకోవచ్చు. చేతి కదలికను రాసుకోలేరు.

భారతదేశంలో తెర మీద ఉన్నత విద్య కొత్తది కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం కార్యక్రమాలు 1984 ఆగస్టు 15న దూరదర్శన్‌లో మొదలయ్యాయి. 2017లో స్వయం వేదిక, స్వయంప్రభ డీటీహెచ్ ఛానళ్లు వచ్చాయి. అయితే ప్రసారంలో వచ్చే పాఠాన్ని ఆపి, వెనక్కి తిప్పి చూసే వీలు నాడు లేదు. ప్రయోగ నైపుణ్యానికి ఆ వీలే ప్రాణం. కేంద్ర విద్యాశాఖ చేపట్టిన వర్చువల్ ల్యాబ్స్‌లో ఢిల్లీ ఐఐటీ, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ తదితర సంస్థలు పాల్గొంటున్నాయి. అవి ప్రధానంగా కంప్యూటర్ అనుకరణలు. అనుకరణలో బ్యూరెట్ కారదు, గాజు పగలదు. భావన అర్థం కావడానికి అవి చాలు. చేతికి అలవాటు కావడానికి చాలవు.

తెలుగు రాష్ట్రాలలో భాష మరో చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఆంగ్ల మాధ్యమానికి మార్చారు. పదో తరగతి వరకు తెలుగులో చదివి, ఇంట్లో అడగడానికి ఎవరూ లేని విద్యార్థికి ఆంగ్ల మాన్యువల్ తొలి అడ్డంకి. వీడియోలో పరికరం కంటి ముందుంటుంది కనుక, వివరణ తెలుగులో సాగుతూ సాంకేతిక పదాలు పరీక్షలో వచ్చే రూపంలోనే వినిపిస్తే రెండు భాషలూ ఒకచోట అందుతాయి. వైవాలో నోరు విప్పలేని విద్యార్థికి ఇది చిన్న సాయం కాదు.

వీడియో చూసినంత మాత్రాన పని వచ్చినట్టు కాదు. చూసిన వెంటనే రెండు మూడు ప్రశ్నలకు జవాబు రాయవలసి ఉంటేనే విద్యార్థి శ్రద్ధగా చూస్తాడు. 2020లో కొవిడ్ వల్ల కళాశాలలు మూతపడినప్పుడు, చాలా చోట్ల ప్రయోగాలకు బదులు వీడియోలు చూపి, సిద్ధంగా ఉన్న అంకెలతో లెక్కలు చేయించారు. లెక్కలు వచ్చాయి, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నెమ్మదిగా నీటిలో కలిపేటప్పుడు బీకరు వేడెక్కడం చేతికి తెలియలేదు. భద్రత విషయంలో ఈ లోటును తేలికగా తీసుకోలేము.

ఖర్చు పెద్ద అడ్డంకి కాదు. స్టాండుకు బిగించిన ఫోను, బ్యూరెట్ వెనుక ఒక తెల్ల కాగితం, కిటికీ వెలుతురు ఉంటే చిత్రీకరణ సాగుతుంది. వేరే దేశపు ఖరీదైన ప్రయోగశాలలో తీసిన వీడియో కన్నా, తమ కళాశాలలోని అదే బల్ల, అదే బర్నర్, అదే తూకపు యంత్రం కనిపించే వీడియో విద్యార్థికి దగ్గరగా ఉంటుంది. ఫైలు చిన్నదిగా ఉండి, ఒకసారి దింపుకుంటే నెట్ లేకపోయినా నడిచేలా ఉంటే, బస్సులో వచ్చే విద్యార్థి కళాశాల చేరేలోపు మరోసారి చూసుకోవచ్చు.