బస్తర్ సరుకు విదేశాలకు: విమానంలో పంపాలా, ఓడలో పంపాలా?

బస్తర్‌కు సముద్రం లేదు. అయినా ఇక్కడి బైలాడిలా ఇనుప ఖనిజం 1960ల చివరి నుంచే ఓడలెక్కి జపాన్‌కు వెళ్తోంది. అందుకు కారణం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం. ఆ రైళ్లు అరకు లోయ మీదుగా ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేరుస్తాయి. భారీ ఖనిజ నౌకల కోసం అక్కడ 1976లో ఔటర్ హార్బర్ కూడా వచ్చింది.

ఖనిజం విషయంలో విమానమా, ఓడా అన్న ప్రశ్నే లేదు. కానీ కొండగావ్‌లో ఢోక్రా బొమ్మలు పోతపోసే కళాకారుడికి జర్మనీ నుంచో, అమెరికా నుంచో ఆర్డర్ వస్తే? ఉన్నవి నాలుగు పెట్టెలు. వాటికోసం ఏ రైలూ కదలదు. రవాణా లెక్క తప్పితే నెలల శ్రమకు మిగలాల్సిన లాభం పోతుంది. ఆ లెక్క ఎలా వేయాలో చూద్దాం.

రెండింటి లెక్క వేరు

విమానంలో బరువుకు డబ్బు తీసుకుంటారు. అయితే అది తూకంలో కనిపించే బరువే కానక్కరలేదు. పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 6,000తో భాగిస్తారు. అలా వచ్చిన అంకె, అసలు బరువు... రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. కొరియర్ సంస్థలు ఎక్కువగా 5,000తో భాగిస్తాయి కాబట్టి అక్కడ భారం ఇంకా పెరుగుతుంది.

ఓడలో కంటైనర్ మొత్తం తీసుకుంటే ఒకటే అద్దె. 20 అడుగుల కంటైనర్‌లో సుమారు 33 క్యూబిక్ మీటర్ల చోటు ఉంటుంది. అంత సరుకు లేనివారు ఇతరులతో కలిసి కంటైనర్ పంచుకోవచ్చు. దీన్నే ఎల్‌సీఎల్ అంటారు. ఇందులో ఒక క్యూబిక్ మీటర్ లేదా ఒక టన్ను, ఏది ఎక్కువైతే దాని ప్రకారం ఛార్జీ పడుతుంది. సరుకు అంతకంటే తక్కువున్నా సాధారణంగా ఒక క్యూబిక్ మీటర్‌కు కట్టాల్సిందే.

ఒకే పెట్టె, రెండు ఫలితాలు

ఉదాహరణకు 60×50×40 సెంటీమీటర్ల పెట్టె తీసుకుందాం. విమాన లెక్కలో దాని పరిమాణ బరువు 20 కిలోలు.

అందులో 35 కిలోల ఢోక్రా ఇత్తడి బొమ్మలు సర్దితే ఛార్జీ 35 కిలోలకే. చోటు వృథా కాలేదు. అదే పెట్టెలో బోలుగా ఉండే ఇనుప దీపస్తంభాలు 8 కిలోలు పెడితే కట్టాల్సింది 20 కిలోలకు. అంటే 12 కిలోల గాలికి కూడా డబ్బు కడుతున్నట్టే.

ఓడలో ఈ పెట్టె ఆక్రమించేది 0.12 క్యూబిక్ మీటర్లు. ఒక్కటే పంపినా ఒక మీటర్ డబ్బు కట్టాలి. ఎనిమిది పంపితే 0.96 అవుతుంది, కట్టిన మొత్తానికి చోటు నిండుతుంది. విమానంలో ఆ ఎనిమిదింటికి ఢోక్రా అయితే 280 కిలోలకు, ఇనుప దీపస్తంభాలైతే 160 కిలోలకు ఛార్జీ పడుతుంది. అందుకే ఒకటి రెండు పెట్టెలైతే విమానం, ఎనిమిది పది దాటి తొందర లేకపోతే ఓడ అన్నది మొదటి అంచనా.

చింతపండు, ఎండబెట్టిన ఇప్పపువ్వు లాంటి అటవీ ఉత్పత్తులకు కిలో ధర తక్కువ. వాటికి విమాన ఖర్చు కిట్టదు. 2021లో ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా ప్రాంతం నుంచి ఫ్రాన్స్‌కు ఎండబెట్టిన ఇప్పపువ్వు వెళ్లింది ఓడలోనే. ఎండబెట్టడం వల్లే అది వారాల ప్రయాణాన్ని తట్టుకోగలిగింది.

సమయం, దారి

జగదల్‌పూర్ నుంచి విశాఖకు రోడ్డు మీద సుమారు 300 కిలోమీటర్లు. ఓడ సరుకుకు అదే దగ్గరి దారి. విమాన సరుకైతే కొంటా, భద్రాచలం మీదుగా శంషాబాద్‌కు చేర్చడం ఒక మార్గం. ఈ లారీ ఖర్చును కూడా పోలికలో కలపాలి.

విమాన సరుకు కస్టమ్స్‌తో కలిపి సాధారణంగా వారం పది రోజుల్లో చేరుతుంది. ఐరోపాకు ఓడలో నెల నుంచి నెలన్నర పట్టొచ్చు. ఎల్‌సీఎల్‌లో కంటైనర్ నిండేదాకా ఆగడం అదనం. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక చాలా నౌకలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వెళ్లాయి, దాంతో ప్రయాణం పది రోజులకు పైగా పెరిగింది. క్రిస్మస్ అమ్మకాలకు పంపేవారు దారి పరిస్థితి ముందే అడగాలి.

డబ్బు చేతికొచ్చే కాగితం

చాలామంది పట్టించుకోని తేడా ఇది. ఓడ సరుకుకు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ సరుకుపై హక్కు పత్రంగా పనిచేస్తుంది. ఆర్డర్ బిల్లుగా తీసుకుంటే, అసలు కాగితం చేతికి రానిదే కొనుగోలుదారు సరుకు విడిపించుకోలేడు. దాన్ని బ్యాంకు ద్వారా పంపి, డబ్బు కట్టాకే ఇవ్వమని చెప్పొచ్చు.

ఎయిర్ వేబిల్ అలాంటిది కాదు. అందులో పేరున్నవారికి సరుకు అప్పగిస్తారు. కాబట్టి కొత్త కొనుగోలుదారుకు విమానంలో పంపేటప్పుడు ముందే డబ్బు తీసుకోవడం మేలు. లేదంటే బ్యాంకు ముందుగా ఒప్పుకుంటే, ఆ బ్యాంకు పేరు మీదే సరుకు పంపాలి.

ధర చెప్పకముందే

- నమూనా పెట్టె సర్ది, కొలిచి, తూచాకే ఫ్రైట్ ఫార్వర్డర్‌ను ధర అడగాలి. విమానం, ఓడ రెండింటికీ ఇంటి నుంచి కొనుగోలుదారు గడప వరకు ఎంతో తీసుకోవాలి.
- దిగుమతి రేవులో పడే ఛార్జీలు ఎవరివో రాతపూర్వకంగా తేల్చుకోవాలి. ఎల్‌సీఎల్‌లో గొడవలు ఎక్కువగా అక్కడే వస్తాయి.
- ఓడలో తేమకు ఇనుము తుప్పు పడుతుంది, ఇత్తడి మసకబారుతుంది. తేమ పీల్చే సంచులు, బీమా తప్పనిసరి. ముడి చెక్కతో చేసిన పెట్టె అయితే వేడి లేదా పొగ శుద్ధి చేసి, ఐఎస్‌పీఎం 15 ముద్ర వేయించాలి.
- చిన్న పార్సిళ్లకు తపాలా శాఖ డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఉన్నాయి. అయితే అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకు ఇచ్చిన సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేసింది. ఆ సుంకం ఎవరు కట్టాలో ఆర్డర్ తీసుకునేటప్పుడే మాట్లాడుకోవాలి.