పంచదార గొట్టం

గాలిలో దుమ్ము ఎంత ఉందో కొలవడానికి ఒకప్పుడు పంచదార వాడేవాళ్ళట. గాజు గొట్టంలో పంచదార నింపి, గనిలోని గాలిని దాని గుండా లాగుతారు. దుమ్ము పలుకుల మధ్య చిక్కుకుంటుంది. ఆ పంచదారని నీళ్ళలో కరిగించి, వడగట్టి, మిగిలినదాన్ని తూస్తారు. అచ్చం మా అమ్మ పాకం వడగట్టే పద్ధతే!

ఇది దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండ్ బంగారు గనుల సంగతి. అక్కడ 1886లో బంగారం బయటపడింది. కంప్రెస్డ్ ఎయిర్ డ్రిల్లులు క్వార్ట్జ్ రాతిని తొలుస్తుంటే లేచే పొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెచ్చేది. బోయర్ యుద్ధం ముగిసేసరికి, అంతకుముందు డ్రిల్లు పట్టినవాళ్ళలో చాలామంది బతికి లేరని తేలింది. విచారణ సంఘం వేశారు. రాతి మీద నీళ్ళు కొట్టమన్నారు. మరి నీళ్ళు కొడితే దుమ్ము తగ్గిందా? అది చెప్పాల్సింది ఈ గొట్టమే.

చిక్కల్లా తూకంతోనే వచ్చింది. 10 మైక్రాన్ల రేణువు ఒక్కటి, 1 మైక్రాన్ రేణువులు 1000 కలిపితే ఎంతో అంత తూగుతుంది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోయేవి మాత్రం ఆ చిన్నవే. నీళ్ళకి పెద్దవి కిందపడిపోతే బరువు తగ్గి, కాగితం మీద గని శుభ్రంగా కనిపిస్తుంది. గనిలో మనిషి దగ్గుతూనే ఉంటాడు.

అందుకే 1916 ప్రాంతంలో అక్కడి ప్రభుత్వ మైనింగ్ ఇంజినీరు రాబర్ట్ కోట్జే కోనిమీటర్ తయారుచేశాడు. స్ప్రింగ్ వదిలితే పిస్టన్ చటుక్కున 5 సీసీల గాలిని లాగి, జిగురు పూసిన గాజుపలక మీద కొడుతుంది. అంటుకున్న రేణువుల్ని మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాలి. తూకం పోయి లెక్క వచ్చింది.

కానీ గాలి మలుపు తిరిగేచోట తాను తిరగలేని రేణువే పలకకి అంటుకుంటుంది. మరీ సన్నవి గాలితోపాటే జారిపోతాయి. పైగా అది ఒక్క క్షణపు గాలి. కార్మికుడు పీల్చేది షిఫ్టంతా. నేను సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో ఉన్నాను. నిమిషానికో రీడింగు చూసి ‘అంతా బానే ఉంది’ అనేసి, తర్వాత నాలుక్కరుచుకున్న రోజులున్నాయి. నా తప్పుకి ఎవరి ఊపిరీ పోలేదు.

నష్టపరిహారంలోనూ తెల్లవాళ్ళకి ఒక లెక్క, నల్లవాళ్ళకి ఒక లెక్క. జబ్బుపడ్డ నల్ల కార్మికులు మొజాంబిక్, లెసోతోల్లోని తమ ఊళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళు. అక్కడి చావుల్లో చాలావాటిని గని పుస్తకాల్లో ఎవరూ రాయలేదు.

1959లో జోహానెస్‌బర్గ్‌లో నిపుణులు సమావేశమయ్యారు. ఊపిరితిత్తుల లోపలికి చేరగల సన్నరేణువుల్ని ముందు వేరుచేసి, ఆ తర్వాతే కొలవాలని తేల్చారు. చివరికి మళ్ళీ తూకానికే వచ్చారు, ఈసారి ముందు జల్లెడ పట్టి.